రెక్క ఊపలేదు

పెట్టెను ఎక్కడ తగిలించాలన్న దగ్గరే ముందు పేచీ వచ్చింది. విమానం రెండు సీట్లది, అందులో మనుషులు పట్టడమే గొప్ప. మీటర్ల పలకలో ఎడమ సగం నిండిపోయింది, మధ్యలో రేడియో కూర్చుంది. మిగిలింది కుడివైపు ఖాళీ సీటుకు ఎదురుగా ఉన్న కాస్త జాగా. పళ్ళ డాక్టరు ఎడమ సీట్లో కూర్చుని, బెల్టు బిగించుకుని, చెయ్యి చాపి చూసింది. వేళ్ళు పెట్టె తెరదాకా వెళ్ళాయి గానీ, నొక్కాలంటే భుజం కూడా వాటి వెంట వెళ్ళాల్సి వచ్చింది.

"కొంచెం ఇటు జరపండి, బావగారూ."

"జరిపితే రేడియో మీటలకి అడ్డం. రెండ్రోజుల ముచ్చటకి ఎక్కడుంటే ఏంటమ్మా? నచ్చితే తర్వాత సరిగ్గా బిగిస్తారు." ఆయన పెట్టె వెనకున్న రబ్బరు గిన్నెను అద్దానికి గట్టిగా అదిమి, రెండడుగులు వెనక్కి వేసి, తల ఒక పక్కకు వాల్చి చూసుకున్నాడు.

బావగారంటే ఆమె భర్తకు అన్నగారు. చల్లని గిడ్డంగులకు యంత్రాలు అమ్ముతాడు. కొత్త వస్తువేదైనా ఊళ్ళోకి వచ్చిందంటే ముందు ఆయన గుమ్మం తొక్కాల్సిందే. విమానం ఆమెకూ బావగారికీ ఉమ్మడి. ఆమె భర్తకు కుర్చీ ఎక్కి బల్బు మార్చాలంటేనే కళ్ళు తిరుగుతాయి కాబట్టి, అందులో ఆయన వాటా ఇంట్లో కూర్చుని భయపడటం వరకే. పోయిన నెల పొగమంచులో ఎదురొచ్చిన విమానం ఒకటి వీళ్ళ చక్రాల కిందనుంచి దూసుకుపోయింది. మర్నాటినుంచి బావగారి నోట పెట్టెల మాట తప్ప మరోటి లేదు.

పెట్టెలు రెండు రకాలు. ఒకటి వినే పెట్టె. పైన తిరిగే విమానాలు తామెక్కడున్నదీ, ఎంత ఎత్తున ఉన్నదీ రేడియోలో చెప్పుకుంటూ పోతుంటే అది విని తెర మీద చుక్కలు పెడుతుంది. అద్దానికి అంటించుకోవచ్చు, పని అయ్యాక తీసి సంచీలో వేసుకోవచ్చు. రెండోది అడిగే పెట్టె. అది ఊరుకోదు, చుట్టుపక్కల ఎవరున్నారని తానే రేడియోలో కేకేస్తుంది. జవాబు వస్తే, ఫలానా దిక్కున ఇంత పైన ఉన్నాడని చెవిలో మనిషి గొంతుతో చెబుతుంది. కాకపోతే విమానం వీపుకీ పొట్టకీ చిల్లులు పెట్టి యాంటెన్నాలు బిగించాలి, కొన్నాళ్ళు దాన్ని షెడ్డులో పడుకోబెట్టాలి.

"నాకైతే వినేది చాలనిపిస్తోంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?" అందామె.

"నీదంతా పళ్ళ డాక్టరు లెక్క. చిన్న చిల్లు పూడ్చేసి పంపించేద్దామని చూస్తావు. సరే, వినేదే తెచ్చాం కదా, ఎగిరి చూడు. ఆ తర్వాత పోట్లాడుకుందాం."

షెడ్డు పక్క గడ్డిలో తన గ్లైడరు రెక్క తుడుస్తున్న టీచరమ్మ, ఈ మాటలు విని గుడ్డ చేత్తో పట్టుకునే వచ్చింది. బడిలో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. శని, ఆదివారాల్లో ఈ మైదానానికి వచ్చి, ఇంజను లేని విమానాన్ని ఉత్త గాలి మీద ఎలా నిలబెట్టాలో కొత్తవాళ్ళకు నేర్పుతుంది. పళ్ళ డాక్టరు కూడా ముందు ఆవిడ దగ్గర గ్లైడరు నేర్చుకున్నాకే ఇంజను మొహం చూసింది. టీచరమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, తలుపులోంచి వంగి తెరను చూసింది.

"ఇందులో నేను కనిపిస్తానా, అమ్మాయ్?"

"కనిపించరు, టీచరమ్మా. మీ దాంట్లో ట్రాన్స్‌పాండరు లేదుగా. ఎక్కడున్నారో మీరు చెప్పుకుంటేనే దీనికి తెలిసేది."

"దాన్నీ, దాని బ్యాటరీనీ మొయ్యాలంటే నేను తిండి మానెయ్యాలి."

"రెండో పెట్టెకీ అంతే. జవాబు చెప్పనివాళ్ళు దానికీ లేనట్టే," అన్నాడు బావగారు.

"అంటే సొంత డప్పు కొట్టుకునేవాళ్ళే కనిపిస్తారన్నమాట. లోకం తీరు బాగా ఎరిగిన పెట్టే." టీచరమ్మ నవ్వింది. "మరి నన్ను పాత పద్ధతిలోనే చూసుకోండి."

పాత పద్ధతంటే ఈ మైదానంలో అందరికీ తెలిసిందే. గాల్లో ఒకరినొకరు చూసినప్పుడు, ముందు చూసినవాళ్ళు రెక్కలు ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ ఊపాలి. నిన్ను చూశానని దానర్థం. అవతలివాళ్ళు తిరిగి ఊపాలి. నేనూ చూశానని అర్థం. ఇద్దరూ ఊపుకున్నాక ఇంజను ఉన్నది తప్పుకుంటుంది, లేనిది తన దారిన తను పోతుంది. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. నేర్పేది మాత్రం టీచరమ్మే. మొదటి పాఠం అయ్యాక దిగకముందే, "ఊపినవాళ్ళకి ఊపకపోతే, పలకరించినవాళ్ళని చూసి మొహం తిప్పుకున్నట్టు," అని చెప్పి దింపేది.

ఆ శనివారం ఉదయం పళ్ళ డాక్టరు ఒక్కతే ఎగిరింది. ఎగిరిన కాసేపటికే పెట్టె ఆమెకు నచ్చేసింది. ఎక్కడో దూరాన, కంటికి ఆనని చోట రెండు చుక్కలు మెల్లగా జరుగుతున్నాయి. ఒకదాని పక్కన దాని ఎత్తు, అది పైకి పోతోందని చెప్పే చిన్న బాణం. తల ఎత్తి ఆ దిక్కుకు చూస్తే నిజంగానే ఎండలో ఒక మెరుపు. ఇంతకాలం చీకటి గదిలో తడుముకుంటూ తిరిగినట్టు అనిపించింది. అక్కణ్ణుంచి ఆమె ముందు తెర చూడటం, తర్వాత ఆకాశంలో దాన్ని వెతుక్కోవడం మొదలుపెట్టింది. చూసే వరస తారుమారైందని ఆమెకు తట్టలేదు.

తెరకు ఒక పాడు అలవాటుంది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే ఆరిపోతుంది. ముట్టుకుంటే వెలిగి, ఇంకా కావాలా అని అడుగుతుంది, కావాలని మరోసారి నొక్కాలి. మైదానానికి తిరిగొస్తుండగా అది ఆరింది. ఆమె వంగి నొక్కింది. వెలిగింది. ఏదో అడిగింది. మళ్ళీ నొక్కింది. తెర మీద ఆకాశం ఖాళీగా ఉంది.

తల ఎత్తేసరికి అద్దం నిండా తెల్లటి రెక్క. ఆమె చెయ్యి కదిలేలోపే అవతలి గ్లైడరు ముక్కు దించి బండరాయిలా కిందికి జారింది. గాజు కప్పు కింద టీచరమ్మ గుడ్డ టోపీ, నడిపే స్టిక్కును ముందుకు తోసిన రెండు చేతులు, అన్నీ ఒక్క క్షణం కనిపించి మాయమయ్యాయి. నేల మీదికి దిగాక ఆమె బెల్టు కూడా విప్పుకోలేదు. బావగారే వచ్చి తలుపు తీశాడు.

*

మర్నాడు విచారణకని నలుగురూ మైదానం ఆఫీసు గదిలో కూర్చున్నారు. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, గోడ మీద మైదానం పటం. మేనేజరు మంచివాడే. ఎవరి మీదా గొంతు లేపడు, అందుకే ఆయన చెప్పిందానికి ఎదురు చెప్పడం కష్టం. టీచరమ్మ ఉతికిన చీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జరిగింది చెప్పమంటే పాఠం చెప్పినట్టే చెప్పింది.

"నేను మబ్బు కిందనుంచి బయటికొచ్చాను. అమ్మాయి విమానం ఎదురుగా, కొంచెం పైన, దూరంగా కనపడింది. రెక్క ఊపాను. తనూ ఊపింది. సరే, చూసింది కదా, తప్పుకుంటుందని నా దారిన నేను వచ్చాను. తప్పుకోలేదు. దగ్గరికొచ్చేశాక నేనే కిందికి దూకాను."

మేనేజరు పళ్ళ డాక్టరు వైపు తిరిగాడు. "తెర మీద ఆవిడ గ్లైడరు కనపడిందా డాక్టరుగారూ?"

"లేదు."

"మీరు బయటికి చూస్తూనే ఉన్నారు కదా?"

"చూడకుండా ఎలా నడుపుతుందండీ? బయటికీ చూస్తుంది, లోపలికీ చూస్తుంది," అన్నాడు బావగారు ఆమె తరఫున. ఆమె ఆ మాటను అలాగే ఉండనిచ్చింది. తలదించుకుని మీట నొక్కుతున్నానని చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరి తీసుకునేలోగానే మేనేజరు తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాడు, వెళ్ళిపోయినందుకు ఆమెకు హాయిగానే అనిపించింది.

"మీరు రెక్క ఊపారా?"

"ఊపలేదు."

అది నిజం. ఆమె ఎరిగినంతలో నిఖార్సయిన నిజం. చెప్పేటప్పుడు గొంతు తడబడలేదు. గ్లైడరును చూడనే లేదు, చూడనిదానికి రెక్క ఎలా ఊపుతుంది?

"ఊపింది. ముందు కుడికి, తర్వాత ఎడమకి. నేను చూశాను," అంది టీచరమ్మ.

బావగారు పెట్టెను బల్ల మీదికి తెచ్చాడు. అది వచ్చిన దారినంతా గుర్తుంచుకుంటుందట. తెర మీద మైదానం పటం, దాని మీద ఒక నీలం గీత. "చూడండి. స్కేలు పెట్టి గీసినట్టు సూటిగా వచ్చింది. ఎక్కడా వంకర లేదు." మేనేజరు కళ్ళద్దాలు పెట్టుకుని చూసి తల ఊపాడు. ఆ గీతకు రెక్క ఊగినదీ ఊగనిదీ తెలియదని ఆ గదిలో ఎవరికీ అనిపించలేదు. టీచరమ్మ కూడా ఆ గీతను చాలాసేపు చూసింది. తర్వాత పళ్ళ డాక్టరు మొహంలోకి చూసింది.

"నిజంగా ఊపలేదా, అమ్మాయ్?"

"లేదు టీచరమ్మా."

ఆవిడ ఇంకాసేపు అలాగే చూసి, కళ్ళు దించుకుంది. "అయితే నేనే పొరబడ్డాను. తను అబద్ధం చెప్పే మనిషి కాదు."

మేనేజరు చాలా మర్యాదగా మాట్లాడాడు. ఇందులో ఎవరి తప్పూ లేదన్నాడు, వయసనేది ఎవరినీ వదలదన్నాడు. కళ్ళ డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చేదాకా టీచరమ్మ ఒంటరిగా ఎగరకూడదు, కొత్తవాళ్ళకు నేర్పకూడదు. టీచరమ్మ అన్నిటికీ తల ఊపి, కుర్చీని శబ్దం కాకుండా వెనక్కి జరిపి, అందరికీ వస్తానని చెప్పి వెళ్ళింది. బయట ఎండలో నడుస్తూ ఒకసారి ఆగి, ఆకాశంలో దేనికోసమో చూసి, మళ్ళీ నడిచింది.

"పాపం, పెద్దావిడ," అన్నాడు బావగారు కారెక్కుతూ. "ఇందుకే చెప్తున్నా, అడిగే పెట్టే తీసుకుందాం. మనుషుల కళ్ళని నమ్ముకునే రోజులు పోయాయి."

ఇంటికెళ్ళాక భర్త అన్నం వడ్డిస్తూ, ప్రాణాలతో వచ్చావు, అదే పదివేలు అన్నాడు. ఆమె సగం తిని లేచింది. బాధపడటానికి కారణం కనపడలేదు. అడిగినదానికి ఉన్నదున్నట్టే చెప్పింది. అయినా ఆ "అయితే నేనే పొరబడ్డాను" అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

*

మంగళవారం మధ్యాహ్నం కుర్చీలో ఒక బస్సు డ్రైవరు పడుకున్నాడు. కింది దవడలో చివరి దంతం. ఆమె ఎవరికైనా పని మొదలుపెట్టే ముందు ఒకటే చెబుతుంది. నోట్లో గొట్టాలుంటాయి, మాట్లాడలేరు, నొప్పి పుడితే ఎడమ చెయ్యెత్తండి, ఆపేస్తాను. డ్రైవరు సరేనన్నాడు. మత్తు ఎక్కాక ఆమె అద్దం పెట్టి పుచ్చు అంచు చూసుకుని యంత్రం పెట్టింది. సన్నటి కూత, నీళ్ళ తుంపర, కాలిన ఎముక వాసన. పుచ్చు సగం తొలిచిందో లేదో ఎడమ చెయ్యి గాల్లోకి లేచింది.

ఆమె వెంటనే ఆపేసింది. "నొప్పా?"

డ్రైవరు ఉమ్మి, నీళ్ళు పుక్కిలించి, అరువు తెచ్చుకున్నట్టున్న పెదవితో అన్నాడు. "నొప్పా? లేదండీ. నొప్పి ఎందుకు?"

"చెయ్యెత్తారుగా?"

"నేనా? నేనెత్తలేదే!"

"ఎత్తారండీ, నేను కూడా చూశాను," అంది పక్కన గొట్టం పట్టుకున్న నర్సు.

డ్రైవరు తన చెయ్యి వైపు చూసుకున్నాడు. అది చెవి దగ్గర ఉంది. "ఓహో. చెవి దురద పెట్టిందండీ. గోక్కున్నట్టున్నాను. చెయ్యి ఎత్తినట్టు నాకు తెలీనే లేదు."

నర్సు పకపకా నవ్వింది. పళ్ళ డాక్టరు కూడా నవ్వబోయి ఆగిపోయింది. చేతిలో యంత్రం అలాగే ఉంది, కాలు పెడలు మీద అలాగే ఉంది. డ్రైవరు మళ్ళీ నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నాడు. ఆ శనివారం ఎడమ చేతిలో స్టిక్కు. కుడి చెయ్యి తెర మీదికి. భుజం వంగాలి.

"డాక్టరుగారూ?" అంది నర్సు.

ఆ పన్ను ఎలా పూర్తిచేసిందో ఆమెకు తర్వాత గుర్తులేదు. బాగానే చేసి ఉంటుంది, డ్రైవరు దండం పెట్టి వెళ్ళాడు.

*

మర్నాడు పొద్దున్నే విమానం తీసింది. బావగారు షెడ్డు ముందు కుర్చీ వేసుకుని, అడిగే పెట్టె అమ్మేవాళ్ళతో ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆమె పైకి ఎక్కి, మైదానం చుట్టూ తిరిగి, విమానాన్ని సూటిగా నిలబెట్టింది. తెర ఆరేదాకా ఆగింది. ఆరాక, చూపు మాత్రం ముందున్న అద్దంలోంచి నేల అంచు మీదే ఉంచి, చెయ్యి చాపి భుజం వంచింది.

కుడి రెక్క కిందికి వాలింది. ఒళ్ళు కుడికి వాలితే ఎడమ చేతిలోని స్టిక్కు కూడా దాంతో పాటే కుడికి పోతుంది, పోకేం చేస్తుంది? ఆమె చెయ్యి అలవాటు కొద్దీ దాన్ని ఎడమకు లాగింది. కాస్త ఎక్కువే లాగింది. ఎడమ రెక్క వాలి, మళ్ళీ సమమైంది. వెలిగిన తెర, ఇంకా కావాలా అని అడుగుతోంది. ముక్కు మాత్రం పోయే దారినే పోతోంది, నీలం గీత వంకర పోకుండా. ఆమె మళ్ళీ చేసి చూసింది. మళ్ళీ అంతే. ముందు కుడికి, తర్వాత ఎడమకి. టీచరమ్మ ఎలా చెప్పిందో అలాగే.

దిగి వస్తుంటే బావగారు నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఏంటి డాక్టరమ్మా, ఇవాళ నాకు పైనుంచి పలకరింపులు? రెండుసార్లు రెక్క ఊపావు! నేను కూడా లేచి నిలబడి చెయ్యి ఊపాను. చూశావా?"

ఆమె విమానం పక్కనే గడ్డిలో కూలబడింది. చెప్పింది అంతా. తెర చూస్తూ తల దించుకుని ఉన్న సంగతి కూడా. బావగారి నవ్వు మెల్లగా పోయింది. ఆయన పెట్టె వైపు, అది అంటుకుని ఉన్న చోటు వైపు చూశాడు. అక్కడ పెట్టింది తనే.

"ఇటు జరపమన్నావు," అన్నాడు. ఫోను మళ్ళీ మోగితే తీయలేదు.

మేనేజరు దగ్గరికి ఇద్దరూ వెళ్ళారు. ఆయన ఓపిగ్గా విన్నాడు. "ఆవిడ నిన్ననే వచ్చి షెడ్డు తాళం చెవి ఇచ్చి వెళ్ళిందండీ. ఇక ఎగరనంది. మేం పొమ్మనలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"దురద ఉంది. కందకి తెలీదు, తెలిసింది నాకే," అందామె. గొంతు పెద్దదైంది. "ఆవిడ చూసింది నిజం. అది రాయండి. నేను తల దించుకుని ఉన్నానని కూడా రాయండి."

మేనేజరు ఆమెను ఆశ్చర్యంగా చూసి, కాగితం ముందుకు లాక్కున్నాడు. "రాస్తాను, దానికేముంది? ఆవిడ వస్తానంటే నాకేమన్నా అభ్యంతరమా? రేపే వచ్చి ఎగరమనండి. తాళం చెవి కూడా మీరే పట్టుకెళ్ళండి." సొరుగులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. అన్యాయం జరగడానికి ఎంత సేపు పట్టిందో సరిదిద్దడానికి అంతకంటే తక్కువే పట్టింది. మెట్లు దిగుతుంటే ఆమెకు గాల్లో తేలినట్టుంది.

*

టీచరమ్మ ఇల్లు ఒక వెడల్పాటి రోడ్డు పక్కన, కింది వాటా. ముందు గదిలో పుస్తకాలు, కిటికీలో కుండీలు. సాయంత్రం పళ్ళ డాక్టరు వెళ్ళేసరికి ఆవిడ టీ కాచి ట్రేలో పెట్టుకుని వచ్చింది. మనిషి మామూలుగానే ఉంది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చానంది.

"ఏమన్నారు?"

"నా వయసుకి కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడు. నాకప్పుడే భయమేసింది, అమ్మాయ్. కళ్ళు పాడైతే అద్దాలు మార్చుకోవచ్చు. కళ్ళు బాగుండి, లేనిది కనిపించిందంటే మరి అదేం రోగం?"

"లేనిది కాదు టీచరమ్మా. నేను ఊపాను."

టీచరమ్మ కప్పు అందిస్తూ ఆగింది. పళ్ళ డాక్టరు అంతా చెప్పింది. పెట్టె ఎక్కడుందో, చెయ్యి ఎంత దూరం చాపాలో, స్టిక్కు ఎలా కదిలిందో. బావగారు కిందనుంచి చెయ్యి ఊపిన సంగతి చెప్పింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చాలక, ఖాళీ ట్రేను ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చెయ్యి గోడ వైపు చాపి చూపించింది. ట్రే కుడికి వాలింది, ఎడమకు వాలింది.

"చూశారా? ఇలాగే."

"ట్రే ఊగింది. అవును," అంది టీచరమ్మ మెత్తగా.

"విమానం కూడా ఇలాగే ఊగింది. నేను వంగానే తప్ప ఊగిందని నాకు తెలీలేదు. మేనేజరు రాసేశారు. ఇదిగో తాళం చెవి. శనివారం మీరు రండి."

టీచరమ్మ తాళం చెవిని ముట్టుకోలేదు. చెయ్యి చాచి పళ్ళ డాక్టరు చెంప మీద పెట్టింది. బడిలో దెబ్బ తగిలించుకొచ్చిన పిల్ల చెంప మీద పెట్టినట్టు.

"నీ మనసు మంచిది. ఇంత దూరం వచ్చి, ఇంత ఆలోచించి, నాకోసం ఒక దారి కట్టుకొచ్చావు."

"కట్టుకు రాలేదు టీచరమ్మా! నిజం!"

"ఆ రోజు ఆఫీసులో అడిగితే, ఊపలేదన్నావు. నీ మొహం తేట నీళ్ళలా ఉంది. నలభై ఏళ్ళు పిల్లల మొహాలు చూశానమ్మా, నిజం చెప్పే మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇవాళ నీ మొహం అలా లేదు. కళ్ళనిండా నీళ్ళు, గొంతులో వణుకు. అబద్ధం చేతకానివాళ్ళు చెప్తే ఇలాగే ఉంటుంది."

నమ్మించడానికి ఇంకా గట్టిగా చెబితే ఇంకా అబద్ధంలా ఉంటుంది. చేతులు కాలాక పట్టుకునే ఆకుల్లో ఇదొకటి, మరింత కాలుస్తుంది. పళ్ళ డాక్టరు ఏడుపు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. తన పశ్చాత్తాపమే తనకు ఎదురు సాక్ష్యమై కూర్చుందని ఆమెకు అర్థమైంది.

"సరే, సరే. నమ్మానులే," అంది టీచరమ్మ, ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టే గొంతుతో. "టీ చల్లారిపోతుంది. ఇంతకీ ఏ పెట్టె కొంటున్నారు?"

"ఇంకా అనుకోలేదు."

"మాట్లాడేది తీసుకో. మీ బావగారు చెప్పిందే మంచిది. చెవిలో చెబుతుంది కదా, తల దించక్కర్లేదు, చెయ్యి చాపక్కర్లేదు. చిల్లులు పెడతారని చూసుకోకు." ఆవిడ ఒక గుక్క తాగి, కప్పులోకి చూస్తూ అంది. "చెప్పుకోనివాళ్ళు అందులోనూ కనపడరు, అదొక్కటే లోటు. దానికి నువ్వేం భయపడకు. నేనెలాగూ ఇక పైన ఉండను కదా."

అది ఎత్తిపొడుపైతే బాగుండేది. కాదు. పాఠంలో ఒక సందేహం తీర్చినట్టు చెప్పింది. పళ్ళ డాక్టరు తల ఊపి టీ తాగింది. తాళం చెవి ట్రేలోనే ఉండిపోయింది.

బయల్దేరుతుంటే టీచరమ్మ కూడా సంచీ తీసుకుంది. అవతల దుకాణంలో పాలు కొనాలి, నీతోపాటు అక్కడిదాకా వస్తానంది. రోడ్డు అంచున ఇద్దరూ ఆగారు. పొద్దు ఇంకా గుంకలేదు, వెలుతురు బాగానే ఉంది. టీచరమ్మ కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. మళ్ళీ కుడివైపు చూసింది. ఎంతసేపు చూసినా అడుగు మాత్రం కదలలేదు.

చివరికి చెయ్యి చాపి పళ్ళ డాక్టరు మోచెయ్యి పట్టుకుంది.

"ఏమన్నా వస్తోందా, అమ్మాయ్?"

రోడ్డు ఆ కొసనుంచి ఈ కొసదాకా ఖాళీగా ఉంది.

"ఏం రావట్లేదు, టీచరమ్మా," అందామె, ఆవిడ చెయ్యి పట్టుకుని దాటించింది.